ఆ రెండు సెకన్లు

కొండాపూర్, హైదరాబాద్
12 జూన్

అన్నయ్యకు, నాగేశ్వరి నమస్కారాలు.

నీ చెవులు ఫోనును ఒప్పుకోవు, నువ్వు వాట్సాప్‌ను ఒప్పుకోవు. మెసేజ్ పెడితే ‘ఇది ఉత్తరమా, టెలిగ్రామా’ అని వెక్కిరిస్తావు. అందుకే మధ్యాహ్నం పిల్లలు పడుకున్న ఈ గంటలో చేత్తో రాస్తున్నాను. క్షేమసమాచారాల ఉత్తరం కాదిది. నీతో పని పడింది.

మన బుజ్జిగూడు క్రెష్‌లో కెమెరాలు పెట్టాలట. ఇరవై ముగ్గురు పిల్లల తల్లిదండ్రులూ కలిసి గ్రూపులో తీర్మానించేశారు. వీళ్ళంతా హైటెక్ సిటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళేనని నీకు తెలుసు కదా. పక్క వీధిలో కొత్తగా వెలిసిన క్రెష్‌లో, బిడ్డ ఏం చేస్తున్నదీ ఆఫీసులో కూర్చుని ఫోనులో చూసుకోవచ్చట. లోహిత్ అని ఆరు నెలల వాడున్నాడు, వాళ్ళమ్మ నీహారిక నాతో మర్యాదగానే అంది. “మీ మీద నమ్మకం లేక కాదు ఆంటీ, వాణ్ణి చూడకుండా ఉండలేక.” ఆ పిల్ల మొహం చూస్తే కాదనలేకపోయాను.

ముగ్గురు వచ్చి కొలతలు తీసుకుని కొటేషన్లు ఇచ్చారు. ఆ కాగితాలూ, ఇంటి ప్లానూ దీంతో పెడుతున్నాను. ఒకడు వైఫై అంటాడు, ఒకడు తీగ అంటాడు, మూడోవాడు మేఘాల్లో దాస్తానంటాడు. నువ్వు ఫ్యాక్టరీలో గేటు కెమెరాలన్నీ చూసుకున్నవాడివి. ఏది కొనాలో చెప్పు.

నా దిగులు వేరే ఉంది. మన దగ్గర ఒక నియమం ఉంది కదా, బిడ్డ మొదటి అడుగు ఇక్కడ వేస్తే తల్లికి చెప్పం. “ఇవాళో రేపో నడిచేలా ఉన్నాడు, ఇంట్లో కాస్త కనిపెట్టుకుని ఉండండి” అని మాత్రం అంటాం. ఆమె మర్నాడు పరుగెత్తుకొచ్చి “నడిచాడు ఆంటీ!” అంటుంది, మేము కొత్తగా విన్నట్టు చప్పట్లు కొడతాం. క్రెష్ తెరిచిన రోజున జయంతి వదిన నా చెయ్యి పట్టుకుని చెప్పిన మాట ఇది, “తల్లి చూడని అడుగు లెక్కలోకి రాదు నాగూ.” వదిన పోయి నాలుగేళ్ళయినా ఆ మాట తప్పలేదు. ఇప్పుడు ఆ కెమెరా వదిన మాట వింటుందా?

నా అదృష్టం బాగుండి మావాడు రవి మొదటి అడుగు నేను చూసుకున్నాను. నీకు గుర్తుందా, బాలానగర్‌లో ఒకే ఇంట్లో రెండు వాటాల్లో ఉండేవాళ్ళం. నేను పొద్దున్నే వాణ్ణి వదినకిచ్చి టైపు కొట్టడానికి సెక్రటేరియట్‌కి పోయేదాన్ని. ఆ శనివారం నేను ఒంటిపూటకు వచ్చేసరికి వదిన వాణ్ణి గోడకు ఆనించి నిలబెట్టి “అక్కడే కూర్చో, చేతులు చాపు” అంది. మూడడుగులు వేసి నా ఒళ్ళో పడ్డాడు. ఆ సాయంత్రానికే వదిన అరిసెలు వండి వాటి మీద నడిపించింది. ఆ సంతోషం ఈ తల్లులందరికీ దక్కాలని నా ఆశ.

నీ చెల్లెలు
నాగేశ్వరి


గాజువాక, విశాఖపట్నం
19 జూన్

చెల్లాయికి, రామబ్రహ్మం ఆశీస్సులు.

కొటేషన్లు చదివాను. మొదటివాడు పదహారు కెమెరాలు రాశాడు. ఇరవై ముగ్గురు పసివాళ్ళకు పదహారా! వాడు నీది క్రెష్ అనుకున్నాడో జైలు అనుకున్నాడో కనుక్కో.

కెమెరా సంగతి తరువాత. ముందు ఎవరు చూడాలి, ఎంత చూడాలి అనేది తేల్చుకో. తల్లులు చూడాలంటున్నారు. సరే, హాలు చూడనీ. పిల్లలు పడుకునే గదీ, బట్టలు మార్చే చోటూ ఎవరికీ అక్కర్లేదు, అక్కడ మేకు కూడా కొట్టనివ్వకు. అంటే నీకు కావలసింది నాలుగు: హాలుకొకటి, లోపలి గుమ్మానికొకటి, గేటుకొకటి, వంటింటి గ్యాసు వైపు ఒకటి.

వైఫై వద్దు. మీ వీధిలో ఇంటికో రౌటరు, ఒకదాన్నొకటి తొక్కుకుంటుంటాయి. తీగే వేయించు. ఇప్పుడొచ్చే నెట్‌వర్క్ తీగలోంచే కెమెరాకు కరెంటు కూడా వెళ్తుంది, వేరే ప్లగ్గు పని లేదు. నాలుగు తీగలూ ఒక రికార్డరు పెట్టెలోకి వస్తాయి. కొనేముందు ‘ఆన్‌విఫ్ ఉందా’ అని అడుగు. అన్ని కంపెనీల కెమెరాలూ అన్ని రికార్డర్లతో మాట్లాడుకోవడానికి చేసుకున్న ఒప్పందం అది. అది లేకపోతే రేపు ఒక కెమెరా చెడినా ఆ ఒక్క కంపెనీ కాళ్ళే పట్టుకోవాలి.

మేఘాలవాణ్ణి పంపించెయ్. క్లౌడ్ అంటే మన పిల్లల బొమ్మలు ఎవరి ఇనప్పెట్టెలోనో పెట్టి తాళం కూడా వాడికే ఇవ్వడం. నీ బీరువాలోనే రికార్డరు పెట్టు, డిస్కు పదిహేను రోజులకు సరిపడా చాలు. నిండాక పాతది చెరుపుకుంటూ కొత్తది రాసుకుంటుంది. ఎవరి పిల్లల బొమ్మలో ఏళ్ళ తరబడి మనకెందుకు.

ఇక సాఫ్ట్‌వేర్. ఒక్కొక్క తల్లికి ఒక్కొక్క పేరు, పాస్‌వర్డ్ ఇవ్వగలిగేదే తీసుకో. వాళ్ళకు హాలు ఒక్కటే, అదీ అప్పుడు జరుగుతున్నదే కనబడాలి, వెనక్కి తిప్పి చూసే వీలుండకూడదు. ఫోన్లకు వెళ్ళే బొమ్మను పలచన చేయించు, సెకనుకు ఒక్క ఫ్రేము, అంటే ఒక్క ఫొటో, చాలు. ఇరవై ముగ్గురూ ఒకేసారి తెరిస్తే నీ ఇంటర్నెట్ చతికిలబడుతుంది. రికార్డరులో మాత్రం పూర్తి బొమ్మ ఉంటుంది.

గుమ్మం కెమెరా కప్పుకు వద్దు, మనిషి ఛాతీ ఎత్తున, తలుపుకు ఎదురుగా పెట్టించు. బిడ్డను ఎవరు తీసుకెళ్తున్నారో మొహం తెలియాలి. పైనుంచి చూస్తే నడినెత్తి తప్ప ఏం కనబడుతుంది? మాట రికార్డు కావడం ఆపించు. చెవిటివాడి సలహా కదా అని కొట్టిపారెయ్యకు. ఆయాలు పిల్లలతో పిచ్చిపిచ్చి మాటలు ఎన్నో ఆడతారు, ఎవరో వింటున్నారంటే అవన్నీ మానేస్తారు.

నీ అడుగుల నియమం గురించి తీరిగ్గా ఎప్పుడైనా రాస్తాను. రవిని అడిగానని చెప్పు.

అన్నయ్య
రామబ్రహ్మం


కొండాపూర్
7 ఆగస్టు

అన్నయ్యా,

నువ్వు చెప్పినట్టే అయ్యింది. ఆన్‌విఫ్ అనగానే ఆ అమ్మేవాడు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. “మేడమ్, మీరు ఇంజనీరా?” అన్నాడు. కాదు, ఇంజనీరు చెల్లెల్ని అన్నాను.

గుమ్మం కెమెరా గోడకు కిందగా పెట్టమంటే మాత్రం నవ్వాడు. నేను నవ్వలేదు. పాస్‌వర్డు కూడా వాడిచ్చింది మార్చేశాను, ఏమిటో నీకు కూడా చెప్పను.

యాదమ్మ సంగతి రాయాలి. బోరబండ నుంచి వచ్చే మన ఆయా, ఎనిమిదేళ్ళుగా నా కుడిచెయ్యి. కెమెరా బిగించిన రోజున నూనె రాసి జడ వేసుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చింది. హాల్లోకి అడుగుపెడుతూనే కెమెరా వైపు తిరిగి దండం పెట్టింది. “ఇరవై మంది తల్లులు సూస్తున్నరంటివి కదమ్మా, మర్యాద ఉండద్దా!” అంది. నాలుగు రోజులకు ఆ సరదా పోయింది. ఇప్పుడు పిల్లల్ని ముద్దు పెట్టుకోవాలంటే పడుకునే గదిలోకి ఎత్తుకుపోతోంది. అదేమిటే అని అడిగాను. “గా తల్లి ఆడ కూసుని సూస్తుంటది. నా కొడుకును ఇంకోలు ముద్దువెట్టుకుంటుంటే ఆమె పానం ఎట్లుంటదమ్మా?” అంది.

నీహారిక రోజూ పదకొండున్నరకు టీ తాగుతూ చూసుకుంటుందట. నిన్న సాయంత్రం “థాంక్స్ ఆంటీ, ఇప్పుడు మధ్యాహ్నం అన్నం సయిస్తోంది” అంది. కాబట్టి కెమెరాల మీద నా సణుగుడు సగం వాపసు తీసుకుంటున్నాను.

నాగేశ్వరి


కొండాపూర్
5 నవంబరు, మంగళవారం

అన్నయ్యా,

స్పీడ్ పోస్టులో వేస్తున్నాను, అందగానే జవాబు రాయి.

నిన్న పదకొండు నలభై రెండుకు నీహారిక ఫోను చేసి అరిచింది. “ఆంటీ, యాదమ్మ వాణ్ణి కింద పడేసింది! నా కళ్ళతో చూశాను!” పది నిమిషాల్లో మెడలో ఆఫీసు కార్డుతోనే ఆటోలో వచ్చింది. లోహిత్‌ను తీసుకుని వెళ్ళిపోయింది. గ్రూపులో రాసేసింది కూడా. ఆమె ఫోనులో చూసింది ఇదీ: బాబు చెప్పుల స్టాండు పట్టుకుని నిలబడ్డాడు, స్టాండు అడ్డం కాబట్టి తల మాత్రమే కనబడుతోంది. ఒక్కసారిగా యాదమ్మ వీపు అడ్డం వచ్చింది. ఆ తరువాత బాబు నేల మీద ఏడుస్తున్నాడు. అంతే.

యాదమ్మను అడిగితే నోరు విప్పలేదు. నేను తొయ్యలేదు అని కూడా అనలేదు. తల వంచుకుని బోరబండ వెళ్ళిపోయింది. సాయంత్రం బీరువా తెరిచి గుమ్మం కెమెరాది వేసి చూశాను.

అన్నయ్యా, వాడు నడిచాడు. స్టాండు వదిలేసి తలుపు వైపు రెండడుగులు వేశాడు. మూడోది వేస్తే స్టాండు దాటి హాలు కెమెరాకు పూర్తిగా కనబడతాడు. యాదమ్మ ఒక్క అంగలో వచ్చింది. భుజం మీంచి హాలు కెమెరాను ఒకసారి చూసింది. దానికి వీపు పెట్టి కూర్చుని, వాడి చంకల్లో చేతులు పెట్టి మెల్లగా కూర్చోబెట్టింది. నడవనివ్వలేదని వాడు ఏడుపు లంకించుకున్నాడు. యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. ఆ తల్లి పదకొండున్నరకు చూస్తుందని దానికి తెలుసు. ఫోనులో చూసిన అడుగు తల్లి చూసినట్టు కాదనుకుంది.

ఈ పొద్దున్న బోరబండ వెళ్ళాను. ఈ వీడియో చూపిస్తే క్షణంలో నీ మీద మచ్చ పోతుందే అన్నాను. నా కాళ్ళు పట్టుకుంది. “నన్ను పనిలకెల్లి తీసేసినా మంచిదే గని, ఆమెకు సూపియ్యకమ్మా. పొద్దంత ఆఫీసుల కూసోని గీ పోరని కోసమే పరేషాన్ అయితది. మొదటి అడుగు గూడ గీ ఆయానే సూసిందంటే ఇగ ఆమెకేం మిగిలె?”

ఆరుగురు తల్లిదండ్రులు యాదమ్మ ఉంటే పిల్లల్ని పంపం అంటున్నారు. ఎనిమిదేళ్ళలో ఒక్క బిడ్డ మీద చెయ్యెత్తని మనిషిని, కొట్టిందన్న పేరుతో పంపించెయ్యాలా? చూపిస్తే యాదమ్మ మాట పోతుంది, చూపించకపోతే యాదమ్మే పోతుంది. డిస్కులో పదిహేను రోజులే ఉంటుంది. ఏం చెయ్యను?

నాగు


గాజువాక
8 నవంబరు

నాగూ,

ముందు ఇది చదువు. ఈ తప్పు యాదమ్మది కాదు, నాది. ఫోన్లకు వెళ్ళే బొమ్మను పలచన చెయ్యమన్నది నేను. రికార్డరులో సెకనుకు ఇరవై అయిదు ఫ్రేములుంటే ఆ పిల్లకు చేరింది ఒక్కటే. మెల్లగా కూర్చోబెట్టడం మధ్యలో ఎగిరిపోయి, నిలబడ్డ బిడ్డా, పడ్డ బిడ్డా మాత్రం మిగిలారు. ఇంటర్నెట్ చతికిలబడకూడదని చూశాను గాని, తల్లి గుండె సంగతి చూడలేదు. ఆ సెట్టింగు ఇవాళే పెంచించు.

ఇక ఉపాయం. గుమ్మం కెమెరా వీడియోను మొదటినుంచీ ఇవ్వకు. యాదమ్మ చేతులు బిడ్డ చంకల్లో పడిన క్షణం నుంచి మొదలుపెట్టి కోసి ఇవ్వు. రికార్డరు మెనూలో మొదలు, చివర టైము అడుగుతుంది. అంతకు ముందున్న రెండడుగులూ, అంటే ఓ రెండు సెకన్లు, బయట పెట్టు. ఎంత మెల్లగా కూర్చోబెట్టిందో ఆ తల్లి చూస్తుంది. అడుగు మాత్రం చూడదు. పాము చావదు, కర్ర విరగదు అంటావా? ఏమో, నాకు ఇంతకంటే తోచలేదు.

యాదమ్మ లాంటి మనుషులు ఇంకా ఉన్నారా అని రాత్రంతా అదే ఆలోచన. మీ వదిన ఉంటే ఆమెను చూడటానికి హైదరాబాద్ బండెక్కేది.

అన్నయ్య


కొండాపూర్
13 నవంబరు, బుధవారం

అన్నయ్యా,

నీ ఉపాయం కొంప ముంచింది. కోపం తెచ్చుకోకు, ఒప్పుకుని చేసింది నేనే.

నిన్న నీహారికను పిలిచి కోసిన ముక్క చూపించాను. రెండుసార్లు చూసింది. మొహం మెత్తబడింది కూడా. మూడోసారి మూల మీద కనబడే టైము చూసింది. “ఆంటీ, ఇది నలభై రెండు నిమిషాల పన్నెండో సెకను దగ్గర మొదలైంది. నేను ఫోనులో వాణ్ణి చూసింది పదో సెకనుకు, అక్కడా మూల మీద టైము ఉంది. మధ్యలో రెండు సెకన్లేవి?” అంది. ఆ పిల్ల ఉద్యోగం టెస్టింగు. సాఫ్ట్‌వేరులో ఇంకొకళ్ళు చూడకుండా వదిలేసిన తప్పులు పట్టుకుంటే జీతం ఇస్తారు. మనం పోయి పోయి ఆమె ముందు కత్తెర పట్టాం.

“ఏదో దాస్తున్నారు” అంది. “దాచకపోతే కొయ్యరు కదా.”

అన్నయ్యా, నాకు అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అవును, దాచాను అన్నాను. “ఆ రెండు సెకన్లు నీకు ఇస్తాను. కానీ సోమవారం ఇస్తాను. ఈలోగా శని, ఆదివారాలు నువ్వొక పని చెయ్యాలి. వాణ్ణి వాకర్లోంచి దించు. ఫోనూ, లాప్‌టాపూ బీరువాలో పెట్టి తాళం వెయ్యి. నేల మీద వాడికి ఎదురుగా కూర్చో. అంతే. సోమవారం వచ్చి అడిగితే మొదటి నుంచి చివరి దాకా వేసి చూపిస్తాను, నీకు తప్పనిపిస్తే యాదమ్మను నేనే పంపించేస్తాను.”

ఈ వారం అంతా ఇంటినుంచే పని చేస్తోందట గాని వాడు వాకర్లో, తను మీటింగుల్లో. “ఇదేం షరతు ఆంటీ?” అంది. కళ్ళలో నీళ్ళున్నాయి. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

యాదమ్మ బతుకు ఇప్పుడు పదకొండు నెలల వాడి కాళ్ళ మీద ఉంది. వాడు ఈ రెండు రోజుల్లో నడవకపోతే నేను ఎవరికో ఒకరికి ద్రోహం చెయ్యాలి. వదినను తలచుకుని దీపం పెట్టాను. నువ్వు కూడా ఒక దండం పెట్టుకో.

నాగు


కొండాపూర్
19 నవంబరు, మంగళవారం

అన్నయ్యా,

నడిచాడు!

నిన్న పొద్దున్న తొమ్మిదింటికి గేటు చప్పుడైతే తొంగిచూశాను. నీహారిక. చంకలో లోహిత్, చేతిలో మిఠాయి కొట్టు డబ్బా. యాదమ్మను నేను ముందే పిలిపించి వంటింట్లో కూర్చోబెట్టాను, ఏం తేలినా దాని ఎదుటే తేలాలని.

నీహారిక సరాసరి వంటింట్లోకి వెళ్ళింది. యాదమ్మ లేచి నిలబడింది. “యాదమ్మగారూ, నిన్న సాయంత్రం లోహిత్ నడిచాడు” అంది.

యాదమ్మ ఏం చేసిందో తెలుసా? రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది. “అయ్యో, నడిసిండా! ఎన్ని అడుగులేసిండమ్మా? పడలేదు కద?” అంది, జన్మలో మొదటిసారి వింటున్నట్టు. రెండు వారాలు నింద మోసిన మనిషి అన్నయ్యా. ఆ గొంతులో ఒక్క రవ్వ నిష్ఠూరం లేదు. నేను తలుపు పట్టుకుని నిలబడిపోయాను.

“నాలుగడుగులు” అంది నీహారిక. యాదమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. “గట్ల ఏడిస్తె ఎట్ల బిడ్డా, మంచి ముచ్చట చెప్పుకుంట” అని అది వీపు నిమిరింది.

తరువాత రికార్డరు తెరవబోయాను, మాట ఇచ్చాను కదా. నీహారిక నా చెయ్యి పట్టుకుని ఆపింది. “వద్దు ఆంటీ. నిన్న వాడు నా మీదకు వచ్చి పడ్డాక అర్థమైంది, ఆ రెండు సెకన్లలో ఏముందో. అవి యాదమ్మగారివి, ఆమె దగ్గరే ఉండనీయండి.” డబ్బాలోంచి అరిసెలు తీసి గుమ్మం దగ్గర చాప మీద పరిచింది. వాళ్ళది భీమవరం వైపు, మనలాగే అడుగులకు అరిసెలు. వాడి ఒక చెయ్యి తను పట్టుకుని, రెండో చెయ్యి యాదమ్మను పట్టుకోమంది. వాడు ఒక అరిసె తొక్కి, రెండోదాని మీద చతికిలబడి తినేశాడు.

గ్రూపులో తనే రాసింది, నేను పొరబడ్డాను, యాదమ్మగారికి అందరి ముందూ క్షమాపణ అని. ఆ ఆరుగురూ మళ్ళీ పిల్లల్ని పంపుతున్నారు. ఇవాళ్టికి పదిహేనో రోజు. రికార్డరులో ఆ ముక్క దానంతటదే చెరిగిపోయింది. కోసిన కాపీ కూడా తీసేశాను.

నాగు


గాజువాక
25 నవంబరు

నాగూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అయిదోసారి మీ వదిన ఫొటో ముందు కూర్చుని పైకి చదివాను, నా గొంతు నాకే సరిగా వినబడదు గాని, ఆవిడకు వినబడి ఉంటుంది.

జూన్‌లో నీ నియమం గురించి తీరిగ్గా రాస్తానని తప్పించుకున్నాను. నువ్వు రవి గురించి అంత మురిసిపోతూ రాశాక కలం కదల్లేదు. మీ వదిన నా చేత ఒట్టు వేయించుకుంది, అది ఇవాళ తీసి గట్టున పెడుతున్నాను. నీహారిక దగ్గర నువ్వు ‘దాచాను’ అని ఒప్పేసుకున్నావు. చెల్లెలి దగ్గర నేను ఇంకా దాచడం న్యాయం కాదనిపించింది.

రవి మొదటి అడుగు వేసింది శనివారం కాదు నాగూ. బుధవారం. నాకు ఆ రోజు సెకండ్ షిఫ్టు, అన్నం తింటున్నాను. వాడు మా వాటాలో తలుపు రెక్క వదిలేసి నడిచాడు. మీ వదిన “అయ్యో!” అని పరుగెత్తి చంకనేసుకుంది. మళ్ళీ శనివారం నువ్వు వచ్చేదాకా, నువ్వు ఇంట్లో లేనంతసేపూ వాణ్ణి కిందికి దించలేదు. మూడు రోజులు. ఆదివారం నుంచి నడుం పట్టేసి వారం మంచం దిగలేదు. నీకు బిందె ఎత్తుతుంటే పట్టేసిందని చెప్పింది.

అరిసెల సంగతి నీకు ఒక్కసారైనా తట్టలేదా? శనివారం మధ్యాహ్నం వాడు నడిస్తే సాయంత్రానికి అరిసెలు ఎలా అవుతాయి? బియ్యం నానొద్దా, దంపొద్దా? బుధవారమే నానబోసింది. శనివారం చేతులు చాపి కూర్చున్న నీ మొహం చూసి, ఆ పూట నాతో అంది, “ఇదే మొదటిది, ముందుది లెక్కలోకి రాదు” అని. ముప్ఫై మూడేళ్ళు నేనూ లెక్కలోకి తీసుకోలేదు.

కోపం వస్తే రెండు తిట్లు రాయి, పడతాను.

అన్నయ్య


కొండాపూర్
30 నవంబరు

అన్నయ్యా,

మొదట కోపమే వచ్చింది. ఉత్తరం మడిచి బీరువాలో పెట్టి తలుపు గట్టిగా వేశాను. యాదమ్మ భయపడి “ఏమైందమ్మా?” అంది. చెప్పాను. అంతా విని, పిల్లలకు పాలు కలుపుకుంటూ, “మీ వదిన మంచి మనిషి. నాకంటె గట్టిది. మూడు దినాలు ఎట్ల మోసిందో” అంది. అప్పుడు ఏడుపొచ్చింది. వదిన నడుముకు నేనే ఆముదం రాశాను అన్నయ్యా. బరువులు ఎత్తొద్దని కసిరాను కూడా.

నిన్న రాత్రి బాచుపల్లి నుంచి రవి వచ్చాడు. అన్నం వడ్డిస్తూ వాడి కాళ్ళ వైపే చూశాను. “ఏంటమ్మా?” అన్నాడు. ఏం లేదన్నాను.

నీహారిక నాకంటే పెద్ద మనసు గలది. ఆ రెండు సెకన్లు వద్దంది. నాకు మాత్రం కావాలి. అప్పుడు ఏ కెమెరా లేదు, వదిన లేదు. చూసిన కళ్ళు నీవొక్కటే మిగిలాయి. రాయి. ఏ కాలు ముందు వేశాడు? ఎటు వెళ్ళబోయాడు?

నాగు


గాజువాక
4 డిసెంబరు

నాగూ,

కుడికాలు.

నువ్వు రోజూ ఆఫీసు చెప్పులు వేసుకుని, ఇంటి చెప్పులు మా గుమ్మం పక్కన విడిచి వెళ్ళేదానివి, నీలం హవాయి చెప్పులు. వాటి దగ్గరికి వెళ్ళాడు.

అన్నయ్య